మసకబడ్డ టార్చి, ప్రాణం ఉన్న సెల్లులు

టార్చి వెలుగు కాస్త మందగించగానే సెల్లులు మార్చేయడం మా నాన్నకు అలవాటు. "వెలుగు ఎర్రబడిందంటే దాని పని అయిపోయినట్టేరా" అనేవారు. నాకూ అదే అబ్బింది. మొన్న ఎల్ఈడీ టార్చి మసకబారిందని మూడు ట్రిపుల్ ఏ సెల్లులూ బయటికి తీశాను. పారేసే ముందు ఎందుకో మల్టీమీటర్ పెట్టి చూస్తే ఒక్కోటీ 1.2 వోల్టులకు పైనే ఉంది. ఆల్కలైన్ సెల్లు కొత్తప్పుడు 1.6 దాకా చూపిస్తుంది, 0.9కి దిగేదాకా పని చేస్తుంది. ప్రాణం ఉన్నవాటినే చెత్తబుట్టలో వేయబోయాను. ఇన్నేళ్లలో ఇలా ఎన్ని పారేశానో తలచుకుంటే బాధేసింది.

నాన్న మాటలో తప్పు లేదు, అది పాత బల్బు కాలం మాట. ఆ బల్బులో తీగ తెల్లగా కాలితేనే వెలుగు. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి పడిపోతుంది, బ్యాటరీ మీద పడే ఖర్చు మాత్రం మూడో వంతు కూడా తగ్గదు. మిగతాదంతా వేడి. నీరసించిన సెల్లుతో పాత బల్బు వెలిగించడం నిజంగా దండగే.

ఎల్ఈడీ దగ్గర లెక్క తిరగబడుతుంది. తెల్ల ఎల్ఈడీకి కావాల్సింది సుమారు 3 వోల్టులు. అక్కడి నుంచి వోల్టేజీ కొంచెం పెంచినా కరెంటు విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, మామూలు టార్చీల్లో కరెంటును అడ్డుకునే రెసిస్టర్ ఒకటి పెడతారు. నా టార్చి విప్పితే 4.7 ఓమ్‌లది కనబడింది. కొత్త సెల్లులు వేసి, వెలుగుతుండగా కొలిచాను. మూడింటికీ కలిపి 4.4 వోల్టులు, అందులో ఎల్ఈడీ దగ్గర 3.15. మిగిలిన 1.25 వోల్టులూ రెసిస్టర్‌లోనే వేడైపోతున్నాయి. కరెంటు సుమారు 265 మిల్లీ ఆంప్స్. ఎల్ఈడీకి చేరేది బ్యాటరీ ఇచ్చినదాంట్లో 72 శాతం.

పక్కన పెట్టిన ఆ పాత సెల్లులు మళ్లీ వేశాను. వెలుగుతుండగా 3.3 వోల్టులు, ఎల్ఈడీ దగ్గర 2.85, కరెంటు 95 మిల్లీ ఆంప్స్. ఇప్పుడు ఎల్ఈడీకి చేరేది 86 శాతం! నేను మసక అని తిట్టుకున్న వెలుగే ఎక్కువ పొదుపైనది. పైగా కరెంటు తక్కువైనప్పుడు ఎల్ఈడీ అదే వాట్‌కి ఎక్కువ వెలుగిస్తుంది, సెల్లు కూడా మెల్లగా వాడితే తన దగ్గరున్నది ఎక్కువగా ఇస్తుంది. కంటి సంగతి సరేసరి, వెలుగు సగానికి తగ్గినా దానికి సగంలా అనిపించదు. ఆ వెలుగులో గది తలుపు గడియ, మెట్ల అంచు నాకు స్పష్టంగానే కనిపించాయి.

రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్లులు వేసి చూడటం ఇంకో అనుభవం. మీద రాసి ఉండేది 1.2 వోల్టులే కాబట్టి మొదట్నుంచీ గుడ్డిగా వెలుగుతుందనుకున్నాను. అలా కాలేదు. వాటి లోపలి నిరోధం తక్కువ. కరెంటు లాగుతున్నా వోల్టేజీ పెద్దగా కుంగదు, చివరిదాకా దాదాపు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆల్కలైన్ మొదటి నిమిషం నుంచే జారుతూ ఉంటుంది.

ఒకే 1.5 వోల్టుల సెల్లుతో నడిచే ఎల్ఈడీ టార్చీల్లో మాత్రం వోల్టేజీని పైకెత్తే డ్రైవర్ సర్క్యూట్ ఉండాల్సిందే. సెల్లు దిగుతున్నకొద్దీ అది వెలుగు నిలబెట్టడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వెలుగు బాగుంటుంది, కానీ ఆఖర్లో చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. నాకు ఆ రకం కంటే, మెల్లగా తగ్గుతూ ముందే హెచ్చరించే రెసిస్టర్ టార్చే నమ్మకం.

టార్చి ఎన్ని గంటలు వెలుగుతుందని పెట్టె మీద రాస్తారో ఆ సంగతి కూడా చెప్పాలి. 2009లో వచ్చిన, టార్చీలకు వర్తించే అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 ప్రకారం ఆ సమయం, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లెక్క. అంటే ఆ గంటల్లో చాలా భాగం ఈ మసక వెలుగుదే కావచ్చు. కొనేటప్పుడు గంటలే కాదు, వెలుగు ఎలా తగ్గుతుందో గీసిన గ్రాఫ్ ఉంటే అది చూడండి.

పారేయబోయిన ఆ మూడు సెల్లులూ ఇంకా అదే టార్చిలో, మంచం పక్కన ఉన్నాయి. నిన్న రాత్రి వెలిగించి కొలిస్తే 3.1 చూపించింది.