పిల్లి పొట్ట మీద బొచ్చు పోతుంటే వెంటనే స్ట్రెస్ అనేయకండి

పిల్లులు పెంచే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ ఒక ఫోటో వస్తుంటుంది. పిల్లి వెల్లకిలా పడుకుని ఉంటుంది, పొట్ట కింద భాగం, వెనక తొడల లోపలి వైపు అంతా బొచ్చు పోయి చర్మం కనిపిస్తుంటుంది, పుండు లేదు, పొక్కు లేదు, తిండి బాగానే తింటోంది అంటారు. కింద వరసగా "స్ట్రెస్ అండీ", "మా దానిక్కూడా అంతే, దానంతట అదే తగ్గిపోద్ది" అని రిప్లైలు. ఆ రిప్లైలు చూస్తే నాకు కంగారుగా ఉంటుంది. స్ట్రెస్ లేదని కాదు, ఉంది, మా ఇంట్లోనే చూశాం. కానీ అది మొదట పెట్టాల్సిన పేరు కాదు, మిగతావన్నీ చూసి కాదనుకున్నాక ఆఖర్న పెట్టాల్సిన పేరు.

ఎందుకంటున్నానంటే 2006లో అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ వాళ్ల జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. ఇది మానసికమే అయ్యుంటుంది అనే అనుమానంతో స్పెషలిస్టుల దగ్గరికి పంపిన 21 పిల్లులకి వరసపెట్టి టెస్టులన్నీ చేశారు. 16 పిల్లులకి ఒంట్లోనే కారణం దొరికింది, ఎక్కువగా తిండి పడకపోవడం, లేదా దుమ్ము లాంటి వాటికి ఎలర్జీ. పూర్తిగా మానసికం అని తేలినవి 2 మాత్రమే. ఇంకో 3 పిల్లులకి రెండూ కలిసి ఉన్నాయి. అంటే మనం స్ట్రెస్ అని వదిలేసిన పిల్లుల్లో చాలా వరకు పాపం దురదతో బాధపడుతున్నట్టే కదా, అవి నోరు తెరిచి చెప్పలేవు, మనమేమో మెత్తగా మాట్లాడి నిమిరి వదిలేస్తున్నాం.

మా మిరియం ఆ ఆఖరి మూడింటి లాంటి కేసు. నల్ల పిల్లి, వీధి పిల్లే, చిన్నప్పుడు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దొరికింది. హైదరాబాద్‌లో ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్ మాది, బాల్కనీకి పావురాల నెట్ ఉంది కాబట్టి బయటికి పోదు. పొట్ట మీద బొచ్చు పల్చబడటం ముందు మా అత్తమ్మ గమనించారు, "ఏంటమ్మా ఇది, దీనికి తామర గానీ వచ్చిందా, పిల్లలున్న ఇల్లు" అన్నారు. ఆవిడ భయంలో న్యాయం ఉంది, పిల్లులకొచ్చే తామర మనుషులకి అంటుకుంటుంది, అందులోనూ చిన్న పిల్లలకి త్వరగా. ఎవరి పిల్లికి బొచ్చు పోయినా ముందు ఆ ఒక్కటి తేల్చుకోవాలి. వెట్ డాక్టర్ ఒక ప్రత్యేకమైన లైట్ వేసి చూస్తారు, కొన్ని రకాల తామర ఆకుపచ్చగా మెరుస్తుంది, మెరవకపోయినా లేదని గ్యారంటీ కాదు కాబట్టి నాలుగు వెంట్రుకలు పీకి కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో ఫంగస్ పెరుగుతుందేమో చూసే టెస్టుకి పంపుతారు, ఆ రిపోర్ట్ రావడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

అదే వెంట్రుకల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఇంకో ముఖ్యమైన సంగతి తెలుస్తుంది, అది నాకు భలే నచ్చింది. దానంతట అది రాలిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, పిల్లి నాకి నాకి తెంపేసిన వెంట్రుక కొస విరిగి ఉంటుంది. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన చిన్న చిన్న ముళ్లు ఉంటాయి కదా, వాటితోనే తెంపేస్తుంది. ఇంట్లో అయితే వేలితో నిమిరి చూడండి, రెండ్రోజుల గడ్డంలా గరుగ్గా తగిలితే నాకుడు వల్లే అని అనుమానించొచ్చు. "మా పిల్లి నాకడం మేం ఎప్పుడూ చూడలేదే" అంటారు చాలామంది. చూడరు, ఎందుకంటే చాలా పిల్లులు మనం లేనప్పుడో, మంచం కిందో, రాత్రిళ్లో నాకుతాయి. కక్కులో బొచ్చు ఉండలు ఎక్కువవుతుంటే అది కూడా ఒక గుర్తే.

సరే, నాకుతోంది అని తేలింది. ఎందుకు నాకుతోంది అనేది అసలు ప్రశ్న. మొదటి అనుమానం ఎప్పుడూ ఫ్లీస్ మీదే, అంటే బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగుల మీదే పెట్టాలి, మన ఊళ్ల వాతావరణానికి అవి ఏడాది పొడుగునా బతుకుతాయి. "మా పిల్లి బయటికే పోదు, దానికెక్కడివి" అనకండి, మన బట్టల మీద, చెప్పుల మీద, వచ్చే పోయే జంతువుల మీద వచ్చేస్తాయి. ఎలర్జీ ఉన్న పిల్లికి రెండు మూడు కుట్టినా చాలు, ఒళ్లంతా దురద. పైగా నాకడంలో ఆ ఫ్లీస్‌ని కూడా మింగేస్తుంది కాబట్టి మనకేం కనపడవు. సన్న పళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, వచ్చిన నల్ల పొడిని తడి టిష్యూ మీద వేయండి, ఎర్రగా గోధుమ రంగులో మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీస్ విసర్జించిన రక్తం. మిరియం విషయంలో మాకు ఆ మరకే కనిపించింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కుక్కల స్పాట్-ఆన్ మందు, అంటే ఫ్లీస్ పోవడానికి చర్మం మీద చుక్కలుగా వేసేది, పిల్లికి వేయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణం మీదికి తెస్తుంది, ఫిట్స్ వస్తాయి. వేపనూనె, టీ ట్రీ ఆయిల్, డెటాల్, ఇవి కూడా వద్దు. "వేప మంచిదే కదా" అని పక్కింటి వాళ్లు ప్రేమగానే చెప్తారు, కానీ పిల్లి ఒంటికి ఏది రాసినా అది పది నిమిషాల్లో కడుపులోకి పోతుంది, చాలా రకాల రసాయనాల్ని విరిచేసే శక్తి పిల్లి లివర్‌కి మనకున్నంత లేదు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలిగేది అందుకే. నేల తుడిచే ఫినాయిల్ కూడా అంతే, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది.

పొట్ట కింది భాగమే, అదీ నడిమధ్యనే బోసిపోతుంటే మూత్రాశయం కూడా చూపించాలి. అక్కడ నొప్పిగా ఉంటే పైన నాకుతూ ఉంటాయి. లిట్టర్ బాక్స్‌లోకి (పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్లే ఇసుక పెట్టె) మాటిమాటికీ వెళ్లడం, రెండు చుక్కలు పోసి వచ్చేయడం, బయట పోయడం గమనిస్తే యూరిన్ టెస్ట్ చేయించండి. మగ పిల్లి మూత్రం అసలు పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ. తిండి ఎలర్జీ తేలాలంటే ఎనిమిది వారాలపాటు డాక్టర్ చెప్పిన ఒకే ఒక్క తిండి పెట్టాలి, మధ్యలో ఎవరూ పాలు, చేప ముక్క వేయకూడదు, ఇంట్లో అందరితో ఒప్పందం చేసుకోకపోతే అది జరగని పని.

ఫ్లీస్ మందు ప్రతి నెలా తప్పకుండా వేస్తూ, పరుపులు, సోఫా కవర్లు వేడి నీళ్లలో ఉతుకుతూ వచ్చాక మిరియంకి తోక దగ్గర బొచ్చు వచ్చేసింది. పొట్ట దగ్గర మాత్రం కొంచెం వచ్చి ఆగిపోయింది. యూరిన్ బాగుంది, తామర లేదు, తిండి మార్చినా తేడా లేదు. అప్పుడు డాక్టర్ ఒక మాట అడిగారు, "ఏ టైంలో నాకుతోందో చూశారా?" అని. పాత ఫోన్ ఒకటి హాల్లో రికార్డింగ్‌కి పెట్టాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఒక గండుపిల్లి కాంపౌండ్ గోడ మీంచి వంటింటి కిటికీ సన్‌షేడ్ మీదికి వచ్చి కూర్చుంటోంది, మిరియం లోపల్నుంచి చూసి తోక ఉబ్బించి, కాసేపు గుర్రుమని, అది వెళ్లిపోయాక డైనింగ్ టేబుల్ కిందకి పోయి అదే పనిగా పొట్ట నాకుతోంది. దాదాపు రోజూ ఇదే తంతు. పైన ఫ్లాట్‌లో టైల్స్ పగలగొడుతున్న రోజుల్లో ఇంకా ఎక్కువ.

బాధలో ఉన్న పిల్లికి నాకడం ఒక ఊరట, ఆ ఊరట అలవాటవుతుంది, నాకిన చోట చర్మం మండి ఇంకా నాకాలనిపిస్తుంది. ముందే ఎలర్జీతో దురద ఉన్న ఒంటికి ఇది తోడైతే ఇక ఆగదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం 2011లో ఒక స్టడీ ప్రచురించింది, పిల్లుల రోజువారీ పద్ధతి మారినప్పుడు, అంటే తిండి టైం మారడం, చూసుకునే మనిషి మారడం లాంటివి జరిగినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా కక్కడం, తినకపోవడం, లిట్టర్ బయట పోయడం చేశాయి. మనకి చిన్నగా అనిపించే మార్పు వాటి ఒంట్లో దాకా పోతుంది.

కిటికీ అద్దానికి కింది సగం వరకు బయట కనపడని ఫిల్మ్ అంటించాం. సన్‌షేడ్ మీద గండుపిల్లి మూత్రం చిమ్మిన చోట కడిగించాం, ఎందుకంటే కనపడకపోయినా వాసన వస్తే మిరియంకి అది ఎదురుగా ఉన్నట్టే. ఒక లిట్టర్ బాక్స్ ఉండేది, ఇంకోటి వేరే గదిలో పెట్టాం, పిల్లులెన్నో అంతకి ఒకటి ఎక్కువ అనేది లెక్క, అన్నీ పక్కపక్కనే పెడితే అది ఒక్క బాక్స్ కిందే లెక్క. బీరువా పైన ఒక అట్టపెట్టె. అట్టపెట్టె అంటే తేలిగ్గా చూడకండి, నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టెలు ఇచ్చి చూస్తే వాటికి ఆందోళన త్వరగా తగ్గింది. దాక్కోవడం పిల్లికి ధైర్యం. అందులోంచి లాగొద్దని మా పిల్లలకి గట్టిగా చెప్పాం, పాటించారు కూడా.

అన్నిటికంటే పనిచేసింది మాత్రం సాయంత్రం ఆట అని నా నమ్మకం. గండుపిల్లి వచ్చే టైంకి కాస్త ముందు వంటింటి తలుపు వేసేసి, హాల్లో ఈకలు కట్టిన కర్రతో బాగా పరిగెత్తిస్తాం, ఆఖర్న దాన్ని పట్టుకోనిస్తాం, వెంటనే భోజనం పెడతాం. వేటాడటం, తినడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, పడుకోవడం, పిల్లికి ఇది ఒక వరస. ఆ వరసలో పిల్లి నాక్కునేది మామూలు నాకుడు, కాసేపు నాక్కుని నిద్రపోతుంది. నాకుతున్నప్పుడు కేకలేయడం, చెయ్యి అడ్డం పెట్టడం చేయం, అలా చేస్తే దాక్కుని నాకుతుంది. నాకకుండా మెడ చుట్టూ వేసే కోన్, పుండు ఉంటే తప్పదు, లేకపోతే నెలల తరబడి వేసి ఉంచడం పిల్లిని ఇంకా హింస పెట్టడమే. పొద్దున పూజ టైంలో పొగ మిరియంకి తగలకుండా సాంబ్రాణి వేసే గది తలుపు వేసి ఉంచుతారు అత్తమ్మ, అది ఆవిడ సొంత ఆలోచన.

"తోడు లేక అలా చేస్తోంది, ఇంకో పిల్లిని తెచ్చుకోండి" అని చాలామంది అన్నారు. దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. కిటికీ బయట పిల్లిని చూసే ఇంత అవుతుంటే ఇంట్లోకి కొత్త పిల్లి వస్తే దాని పరిస్థితి ఏంటి.

ఇవన్నీ చేసినా తగ్గని పిల్లులు ఉంటాయి, వాటికి డాక్టర్లు ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి ఆందోళన తగ్గించే మందులు రాస్తారు. మందు పని మొదలవ్వడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మనంతట మనం ఆపేయకూడదు. పిల్లికి పిచ్చి మందులా అని బాధపడేవాళ్లని చూశాను, అలా అనుకోవద్దు, బాధ తగ్గించేది ఏదైనా మందే. నేను జాగ్రత్తపడమని చెప్పేది ఏ టెస్టూ లేకుండా మళ్లీ మళ్లీ వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి. అవి వేస్తే దురద తగ్గుతుంది నిజమే, తగ్గిందంటేనే అది ఎలర్జీ అయ్యుండొచ్చని అర్థం, కానీ పదే పదే వేస్తే పిల్లులకి షుగర్ వచ్చే ప్రమాదం ఉంది.

బొచ్చు రావడానికి నెలలు పడుతుంది. రోజూ పొట్ట తిప్పి చూడకండి, దానికది నచ్చదు, ఒకే చోట ఒకే వెలుతురులో అప్పుడప్పుడు ఫోటో తీసి పెట్టుకుంటే డాక్టర్‌కి కూడా పనికొస్తుంది. మిరియంకి ఇప్పుడు పొట్ట అంతా నల్లగా నిండింది, తొడల లోపల ఇంకా కొంచెం పల్చగానే ఉంది. మాకిప్పుడు దీపావళి గురించే ఆలోచన. కిటికీలు లేని స్టోర్ రూమ్‌లో అట్టపెట్టె, నీళ్లు, లిట్టర్ ముందు వారం నుంచే పెట్టి అలవాటు చేస్తాం, ఆ రాత్రి ఇంట్లో ఒకరం లోపలే ఉంటాం, టపాసులకి ముందు ఇచ్చే, భయం తగ్గించే గాబాపెంటిన్ మందు డోసు గురించి డాక్టర్‌తో ఇప్పటికే మాట్లాడాం.