పరుపు కింద పెట్టిన డబ్బు

ఖాలెద్ హుస్సేనీ ‘ద కైట్ రన్నర్’ నవల చదివినవాళ్లని, అందులో కథ చెప్పే అమీర్ చేసిన తప్పేమిటని అడిగితే దాదాపు అందరూ ఆ సందు గురించే చెబుతారు. 1975 చలికాలం, కాబూల్. తెగిన గాలిపటం తేవడానికి వెళ్లిన, అమీర్ ఇంటి పనివాడి కొడుకు హసన్‌ని ఆసెఫ్ ముఠా సందులో అడ్డగించి అఘాయిత్యం చేస్తుంది. పన్నెండేళ్ల అమీర్ చాటుగా చూసి, నోరు మెదపకుండా పారిపోతాడు. ఘోరమే. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత కొన్ని నెలలకు జరిగింది. ఎవరూ తరమడం లేదు, ఎవరూ బెదిరించడం లేదు. అమీర్ తన పుట్టినరోజుకి వచ్చిన కొత్త చేతిగడియారాన్నీ గుప్పెడు నోట్లనీ తీసుకెళ్లి హసన్ పరుపు కింద పెట్టి, దొంగతనం జరిగిందని తండ్రికి చెబుతాడు. నవల మొత్తం ఆ పరుపు చుట్టూ తిరుగుతుందని నా నమ్మకం. (ఇక్కడ కథంతా విప్పి చెబుతున్నాను. చదవనివాళ్లు ముందు నవల చదివి రండి.)

సందులో జరిగింది సరిగ్గా అర్థం కావాలంటే పందెం తెలియాలి. హైదరాబాద్‌లో సంక్రాంతికి పేంచ్ వేసి ఎదుటి పటాన్ని కోసినవాళ్లకు ఇది సులువే. కాబూల్‌లో గాలిపటాన్ని గుడీపరాన్ అంటారు, కోతకి వాడే దారాన్ని తార్ అంటారు. మన మాంజాయే అనుకోండి. గాజు మెత్తగా నూరి జిగురులో కలుపుతారు, దారాన్ని అందులోంచి లాగుతారు, చెట్ల మధ్య కట్టి ఆరబెట్టి మర్నాడు చెక్క చరఖాకి చుడతారు. ఒకడు ఎగరేస్తాడు, ఇంకొకడు చరఖా పడతాడు. చరఖా పట్టినవాడు దారం వదలడంలో ఒక్క క్షణం ఆలస్యం చేస్తే పటం తెగుతుంది. వేళ్లు ఇద్దరివీ కోసుకుపోతాయి, గెలిచిన పేరు మాత్రం ఎగరేసినవాడిదే. అమీర్ ఎగరేస్తాడు, హసన్ చరఖా పడతాడు. ఇద్దరి మధ్య ఉన్న బంధమంతా ఈ పని పంపకంలోనే ఉంది.

తెగిన పటం ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే. అందులోనూ పందెంలో ఆఖరున తెగిన పటానికి విలువెక్కువ, అతిథులకు చూపించుకునే బహుమతి అది. ఆ రోజు అది నీలం పటం. అమీర్‌ని కంటూ తల్లి చనిపోయింది. తండ్రి తనను దగ్గరకు తీయడం లేదని వాడి బాధ. ఆ నీలం పటం ఇంటికి తెస్తే తండ్రి మనసు మారుతుందని ఆశ. ఆసెఫ్ కూడా ముందు పటమే అడుగుతాడు, ఇచ్చేసి వెళ్లిపొమ్మంటాడు. అమీర్‌కి తెచ్చిస్తానన్న మాట కోసం హసన్ ఇవ్వడు. కాబట్టి అమీర్ కదలకపోవడానికి పిరికితనం సగం కారణమే. తండ్రిని గెలుచుకోవాలంటే హసన్‌ని బలి ఇవ్వాల్సిందేనన్న లెక్క లోపల నడిచిందని, వాడు హజారావాడే కదా అన్న మాట కూడా మనసులో మెదిలిందని తర్వాత అతనే ఒప్పుకుంటాడు. ఆ పేజీ దగ్గర ఆగి, నిదానంగా చదవాలి.

ఆ ‘హజారావాడే కదా’ వెనక చరిత్ర ఉంది. హజారాలు ఎక్కువమంది షియాలు, దేశం నడిమి కొండలవాళ్లు. 1890లలో అఫ్ఘాన్ పాలకుడు అబ్దుర్ రహమాన్ ఖాన్ వాళ్ల తిరుగుబాట్లను అణిచినప్పుడు వేలమంది చనిపోయారు, భూములు పోయాయి, ఎందరినో బానిసలుగా అమ్మారు. 1998 ఆగస్టులో మజారె షరీఫ్‌లో తాలిబాన్ మళ్లీ వాళ్లనే వెతికి చంపింది. 2007లో ఈ నవల సినిమాగా వచ్చినప్పుడు, సందు దృశ్యం వల్ల బాల నటులకు ప్రమాదమని విడుదల వాయిదా వేసి, ఆ పిల్లల్ని దేశం దాటించాల్సి వచ్చింది. ఇది పాత గొడవ అనుకోవడానికి లేదు.

మనకి దగ్గరగా చెప్పాలంటే హసన్ పాలేరు కొడుకు. దొర బంగళా వజీర్ అక్బర్ ఖాన్ ప్రాంతంలో ఉంటుంది, పెరట్లో పాలేరు మట్టి గుడిసె. పొద్దున అమీర్ బడికి పోతాడు, హసన్ ఇస్త్రీ చేస్తాడు. ఇద్దరూ ఒకే దాది పాలు తాగారు. ఇస్లాంలో పాలు పంచుకున్న బంధం ఉత్త మాట కాదు, దానివల్ల పెళ్లి సంబంధాలు కూడా నిషిద్ధమవుతాయి. అంటే రక్త సంబంధం సంగతి బయటపడకముందే వాళ్లు అన్నదమ్ములు. అయినా హసన్ నోట ఎప్పుడూ ‘అమీర్ ఆగా’యే, అంటే అమీర్ దొరే. చదువురాని హసన్‌కి పారశీక ఇతిహాసం షానామాలోని రుస్తుం సొహ్రాబ్ కథ చదివి వినిపిస్తూనే, తెలియని మాటకి తప్పు అర్థం చెప్పి అమీర్ లోలోపల నవ్వుకుంటాడు. హసన్ వైపు నుంచి అది ప్రాణస్నేహం. అమీర్ వైపు నుంచి, ఎవరూ చూడనప్పుడు మాత్రమే స్నేహం.

సందు తర్వాత అమీర్‌కి కావలసింది శిక్ష. కొండ మీద దానిమ్మ చెట్టు దగ్గర హసన్‌ని పళ్లతో కొట్టి, తిరిగి కొట్టమని అరుస్తాడు. హసన్ ఒక పండు తీసుకుని తన నుదుటికే చిదుముకుంటాడు. శిక్ష దొరకదు, రోజూ అదే ముఖం ఎదురవుతుంది, అదే మంచితనం. అందుకే పరుపు. తండ్రి దృష్టిలో దొంగతనాన్ని మించిన పాపం లేదని తెలిసి, ఏరి కోరి ఆ నేరమే ఎంచుకుంటాడు. లెక్క రెండుచోట్ల తప్పుతుంది. అడిగిన వెంటనే హసన్ తానే తీశానంటాడు. క్షమించడనుకున్న తండ్రి క్షమిస్తాడు. అయినా హసన్ తండ్రి అలీ ఉండనంటాడు, కొడుకుని తీసుకుని హజారాల కొండ ప్రాంతం హజారాజాత్ వెళ్లిపోతాడు. వెళ్లొద్దని బతిమాలుతూ అమీర్ తండ్రి బాబా ఏడుస్తాడు. ఎందుకు ఏడ్చాడో ఎన్నో ఏళ్లకి గాని తెలియదు: హసన్ బాబాకే పుట్టాడు. దొంగతనం గురించి అంత మాట్లాడిన మనిషి అలీ గౌరవాన్నీ, ఇద్దరు పిల్లలకి తెలియాల్సిన నిజాన్నీ దొంగిలించాడు.

ఇక ప్రాయశ్చిత్తం. తోటి మనిషికి చేసిన అన్యాయం (హఖుల్ ఇబాద్) దేవుడి ముందు తౌబా (పశ్చాత్తాపం) చెప్పినంత మాత్రాన తీరదు, ఆ మనిషి దగ్గరే తేల్చుకోవాలని ఇస్లామీయ ధర్మం. తండ్రి పాత స్నేహితుడు రహీం ఖాన్ పిలిస్తే 2001లో, అప్పటికే స్థిరపడిపోయిన అమెరికా నుంచి పెషావర్ వచ్చిన అమీర్‌కి ఆ దారి మూసుకుపోయింది. హసన్‌నీ అతని భార్యనీ తాలిబాన్ కాల్చి చంపేసింది. మిగిలింది కొడుకు సొహ్రాబ్.

ఆ పిల్లవాణ్ణి తేవడానికి వెళ్తుంటే, కాబూల్ దారిలో వహీద్ అనే పేదవాడి ఇంట్లో ఒక రాత్రి. పిల్లలు తన చేతిగడియారం వైపే చూస్తున్నారనుకుని అమీర్ దాన్ని విప్పి ఇచ్చేస్తాడు. కాసేపటికే వాళ్లు దాన్ని పక్కన పడేస్తారు. వాళ్లు చూసింది గడియారం వైపు కాదు, అతను తింటున్న అన్నం వైపు. అతిథికి పెట్టగా పిల్లలకి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే బయల్దేరే ముందు ఎవరూ చూడకుండా పరుపు కింద డబ్బు పెడతాడు. మళ్లీ గడియారమే, మళ్లీ నోట్లే, మళ్లీ పరుపే. నవల్లో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. మంచి చేయబోయినా మొదటి ప్రయత్నం తప్పింది, ఎదుటివాడి ఆకలి తెలుసుకున్నాకే రెండోది కుదిరింది.

సొహ్రాబ్‌ని తన దగ్గర పెట్టుకున్న ఆసెఫ్ తాలిబాన్ నాయకుడిగా ఎదురవడం, దెబ్బలకి అమీర్ పెదవి సరిగ్గా హసన్ గ్రహణం మొర్రి ఉన్నచోటే చీలడం మాత్రం అతికించినట్టుంటాయి. ఇన్నాళ్లూ కోరుకున్న శిక్ష దొరికి అమీర్ నవ్వుతాడు. ఆ ఊరట అతనిది. ఆ గదిలోంచి బయటపడేసింది సొహ్రాబ్ వడిసెల.

నిజమైన పరీక్ష ఇస్లామాబాద్‌లో, కాగితాల దగ్గర. సొహ్రాబ్‌ని దత్తత తీసుకుని అమెరికా తీసుకెళ్లాలంటే తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు కావాలి, ఆనాటి కాబూల్‌లో అవి ఇచ్చేవాళ్లు లేరు. అఫ్ఘాన్ చట్టంలో దత్తతే లేదు, సంరక్షణ మాత్రమే ఉంది. కొన్నాళ్లు అనాథాశ్రమంలో పెడితే పని సులువని వకీలు చెబుతాడు. అక్కడికి మళ్లీ పంపనని మాట ఇచ్చిన అమీర్, ఆ సంగతి పిల్లవాడితో అనేస్తాడు. వేరే దారి దొరికిందని భార్య సొరాయా ఫోన్ చేసే వేళకి సొహ్రాబ్ స్నానాల గదిలో మణికట్టు కోసుకుని ఉంటాడు. బతుకుతాడు, కానీ మాట పోతుంది. అమెరికా చేరాక నెలల తరబడి ఆ ఇంట్లో ఆ మౌనమే.

ఒకరోజు భోజనాల దగ్గర మామగారు జనరల్ తాహెరీ, ఈ హజారా కుర్రాడు ఇంట్లో ఎందుకున్నాడంటే నలుగురికీ ఏం చెప్పాలని అడుగుతాడు. వాడు నా తమ్ముడి కొడుకు, ఇంకెప్పుడూ నా ఎదుట వాణ్ణి ఆ మాట అనకండి, వాడికో పేరుంది అని అమీర్ జవాబిస్తాడు. రక్తం కారిన ఆ గదికంటే ఈ భోజనాల బల్ల నాకు పెద్దదిగా కనిపిస్తుంది. పన్నెండేళ్లప్పుడు రాని మాట ఇక్కడ వచ్చింది.

2002 మార్చిలో ఫ్రీమాంట్ పార్కులో అమీర్ గాలిపటం కొంటాడు. హసన్ నేర్పిన ఎత్తుతో ఎదుటి పటాన్ని కోస్తాడు. సొహ్రాబ్ పెదవి ఒక పక్కకి కాస్త కదులుతుంది, అంతే. ఆ పటం తెచ్చివ్వనా అని అడిగి, అరుస్తున్న పిల్లల గుంపులో కలిసి, దొర కొడుకు పాలేరు మనవడి కోసం పరిగెడతాడు.