గబ్బిలం వరుసలో లేని ఎస్

పర్లాకిమిడిలో మా ఇంటి నుంచి మహేంద్రతనయ ఒడ్డుకి పోయే దారిలో ఒక పాత రావిచెట్టుంది. పొద్దుగూకేసరికి దానికి వేలాడే గబ్బిలాలు ఒక్కొక్కటే రెక్కలు విదుల్చుకుని తోటల మీదికి పోతాయి. మా ప్లస్ టూ పిల్లల్లో సగంమంది వాటిని గబ్బిలాలంటారు, సగంమంది ఒడియాలో బాదుడి అంటారు. కిందటి నెల ఒకమ్మాయి అడిగింది: "మేడం, నిపా వైరస్ గబ్బిలాల్లోనే ఉంటుందంటారు కదా, మరి వాటికి జబ్బు ఎందుకు చెయ్యదు?"

"వాటి రోగనిరోధక శక్తి మనకంటే గట్టిది" అనేశాను. బెల్లు కొట్టేశారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే గుచ్చుకుంటోంది. తప్పు చెప్పాను.

ఆ రాత్రి స్టింగ్ అనే ప్రొటీన్ అమైనో ఆమ్లాల వరుసలు దించి, ప్రింటు తీసి మంచం మీద పరిచాను. కణంలో డీఎన్‌ఏ ఉండకూడని చోట కనబడితే సీగ్యాస్ అనే ఎంజైము పసిగడుతుంది. అది తయారుచేసిన చిన్న అణువు వచ్చి స్టింగ్‌కి అతుక్కుంటుంది. అప్పుడు ఇంటర్‌ఫెరాన్ చెయ్యమని, అంటే వైరస్ మీద పోరుకి కణాల్ని సిద్ధంచేసే ప్రొటీన్ చెయ్యమని, స్టింగ్ కబురు పెడుతుంది. మనిషి స్టింగ్‌లో 379 అమైనో ఆమ్లాలు. ఆ కబురు సాగడానికి ముఖ్యమైన చోట్లలో 358వది ఒకటి. అక్కడ ఉండేది సెరీన్ అనే అమైనో ఆమ్లం, వరుసలో దాని గుర్తు ఎస్ అక్షరం. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఎలుకలోనూ ఎస్సే. గబ్బిలం వరుస మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఆగాను. అక్కడ ఎస్ లేదు.

2018లో చైనా శాస్త్రవేత్తలు పరీక్షించిన గబ్బిలాలన్నిటిలోనూ ఇదే మార్పు. ఆ చోట సెరీన్‌ని తిరిగి పెడితే ఇంటర్‌ఫెరాన్ మళ్లీ పెరిగింది. అంటే గబ్బిలం మనకంటే గట్టిగా కొట్లాడటం లేదు, గొంతు తగ్గించుకుంది. ఎగరడానికి విపరీతంగా శక్తి ఖర్చవుతుంది, దాంతో సొంత డీఎన్‌ఏ దెబ్బతిని ముక్కలు బయటపడతాయి, వాటికల్లా ఉలిక్కిపడితే బతకలేదు అని వాళ్ల ఊహ. నాకు నమ్మబుద్ధేస్తోంది. చికెన్‌గున్యా జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా మా అమ్మ ముద్ద కలపడానికి వేళ్లు ముడవలేకపోయేది. ఒళ్లు చేసే యుద్ధం ఒంటికే ఎంత బరువో నేను ఆ వేళ్లలో చూశాను.

ఎలుకకీ మనకీ కూడా ఈ ప్రొటీన్ అచ్చంగా ఒకటి కాదు. డీఎమ్‌ఎక్స్‌ఏఏ అనే మందు ఎలుకల్లో కణితుల్ని కరిగించింది. ఎంతో ఆశతో క్యాన్సర్ రోగులకి ఇచ్చి చూస్తే ఫలితం లేకపోయింది. ఆ మందు ఎలుక స్టింగ్‌కి అతుక్కుంటుంది, మనిషి స్టింగ్‌కి అతుక్కోదు అని 2013లో గాని బయటపడలేదు. ఆ రోగుల్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మర్నాడు క్లాసులో ముందు నా తప్పు ఒప్పుకున్నాను. మూడు వరుసలూ బోర్డు మీద రాశాను. స్టింగ్ పని డీఎన్‌ఏతో, నిపా ఆర్‌ఎన్‌ఏ వైరస్, దాని జన్యుపదార్థం డీఎన్‌ఏ కాదు, కాబట్టి నిపాకి ఇదొక్కటే జవాబు అనుకోవద్దని కూడా చెప్పాను. ఆ అమ్మాయి బోర్డు వైపు చాలాసేపు చూసి, "మా మేకలకి అక్కడ ఏ అక్షరం ఉంటుంది మేడం?" అంది.

మేక వరుస ఆదివారం దించాలి. ఎర్ర పెన్ను ఈసారి ఆ పిల్ల చేతికిస్తాను.