ఎముక అతికాక మొదలైన పని

బొటనవేలు రెండో వేలి మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక పక్కకి పొడుచుకురావడాన్ని హాలక్స్ వాల్గస్ అంటారు. వెడల్పాటి చెప్పులు, వేళ్ల మధ్య సిలికాన్ ప్యాడ్, నొప్పి మాత్రలు కొంత ఊరటనిస్తాయి కానీ తిరిగిన ఎముకను వెనక్కి తేలేవు. ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాక, ఏం వేసుకున్నా పాదం మంటెత్తుతుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ఎముకను కోసి, సరైన వరసలోకి జరిపి, చిన్న స్క్రూలతో బిగిస్తారు. అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు డాక్టర్ గారు. అన్నట్టే అతికింది. నడక మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

మొదటి రాత్రి సంగతి ముందే తెలిస్తే మంచిది. మోకాలి వెనక నరానికి మత్తు ఇస్తారు కాబట్టి ఆపరేషన్ అయ్యాక చాలా గంటలు పాదం బండరాయిలా ఉంటుంది, నొప్పే తెలియదు. "ఇంతేనా" అనిపిస్తుంది. మత్తు దిగడం మొదలయ్యాక మాత్రం నొప్పి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మత్తు పూర్తిగా దిగకముందే, రాసిచ్చిన టైముకి మాత్ర వేసేయమని నర్సు గట్టిగా చెప్పింది. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ వేసుకున్నాను. ఆమె చెప్పినవాటిలో నన్ను ఎక్కువగా కాపాడింది ఆ మాటే.

తర్వాతి రెండు వారాలు పడక మీదే. కాలు ఎత్తులో పెట్టుకోమంటే స్టూలు మీద పెట్టుకోవడం కాదు, గుండె కంటే ఎత్తులో ఉండాలి. అంటే పడుకుని, కాలి కింద రెండు మూడు దిండ్లు. కాలు కిందికి దించగానే రక్తం అంతా పాదంలోకి దిగి, వేళ్లు ఊదారంగుకి తిరిగి, లోపల టపటపా కొట్టుకునేది. మొదటిసారి చూసి హడలిపోయాం. మళ్లీ ఎత్తులో పెట్టగానే రంగు మామూలైపోతే కంగారు అక్కర్లేదట. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, వాచినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. జ్వరం రావడం, కట్టు తడిసి వాసన రావడం ఇన్ఫెక్షన్ లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

బూటు గురించి ఎవరూ సరిగా చెప్పరు. పాదం ముందు భాగం మీద బరువు పడకుండా, మడమ మీదే నడిచేలా చేసిన బూటు ఇస్తారు. దాని అడుగు మందంగా ఉండటంతో ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయిపోతుంది. కొన్నాళ్లకి పాదం కంటే తుంటీ నడుమూ ఎక్కువ నొప్పెట్టాయి. రెండో కాలికి దాదాపు అంతే ఎత్తున్న మందపాటి బూటు వేసుకున్నాక ఆ బాధ తగ్గింది. ఒక్క కర్రతో నడిచేటప్పుడు కర్రను బాగున్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. చూసేవాళ్లంతా "అటు కాదు, ఇటు పట్టుకో" అని దిద్దబోయేవాళ్లు, వినకండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కోసిన కాలు ముందు.

కుట్లు విప్పాక మచ్చ మీద రోజూ వేలితో మృదువుగా రుద్దమన్నారు, లేకపోతే చర్మం కింది కండకి అతుక్కుపోయి వేలు వంగనివ్వదట. బొటనవేలి పక్కన కొంతమేర స్పర్శ లేదు. నెలలు గడిచే కొద్దీ అక్కడ జివ్వుమనడం, చీమలు పాకినట్టుండటం మొదలైంది. నరం కోలుకునేటప్పుడు అలా ఉంటుందన్నారు. ఇప్పటికీ ఒక చిన్న చోట మొద్దుగానే ఉంది.

ఎక్స్‌రే చూసి "ఇక మామూలు బూట్లు వేసుకోవచ్చు" అన్న రోజు ఇంట్లో అందరికీ సంబరం. వారాలు గడిచినా నేను కుంటుతూనే ఉన్నాను. నొప్పి పెద్దగా లేదు, మరి కుంటడం దేనికి? అదే మాట అడిగితే ఫిజియోథెరపిస్ట్ నన్ను అటూ ఇటూ నడిపించి, వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీసి చూపించింది.

"మీ బొటనవేలు నేలకి ఆనడమే లేదండి. పాదం బయటి అంచు మీద నడుస్తున్నారు."

చూస్తే నిజమే. ఆపరేషన్‌కి ముందు నొప్పికి, తర్వాత భయానికి, శరీరం బొటనవేలిని తప్పించుకోవడం నేర్చుకుంది. నొప్పి పోయినా అలవాటు పోలేదు. మనం అడుగు వేసేటప్పుడు మడమ ముందు ఆనుతుంది, బరువు అరికాలి మీదుగా ముందుకి సాగి, చివర్లో బొటనవేలు వెనక్కి వంగి నేలను తన్నితేనే తర్వాతి అడుగు పడుతుంది. ఆ చివరి తోపు నా నడకలో లేదు. పాదంలో 26 ఎముకలు ఉంటే నేను ఒకే ఒక వేలికి సెలవిచ్చాను, దాంతో అడుగు పొట్టిదైపోయింది, పిక్క సన్నబడింది, మోకాలు పక్కకి తిరిగింది.

అప్పుడు మొదలైంది అసలు పని. చేత్తో బొటనవేలిని పట్టుకుని, వేలి మొదట్లో ఉన్న కీలు దగ్గర మెల్లగా పైకీ కిందికీ వంచడం. బొటనవేలి కింద కాగితం పెట్టి నొక్కి ఉంచితే, ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి దాన్ని లాగేది. మొదట్లో కాగితం ఇట్టే జారిపోయేది. "అమ్మా, కాస్తయినా నొక్కవేం?" అని నవ్వేది. నేను నొక్కుతున్నాననే అనుకునేదాన్ని, వేలికి ఆ కబురు అందేది కాదు. గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తడం, అద్దం ముందు మెల్లగా నడుస్తూ ప్రతి అడుగులోనూ వేలు నేలను తన్నేదాకా ఆగడం. తువ్వాలును వేళ్లతో పోగుచేసే వ్యాయామం కూడా చెప్పారు కానీ నాకు కాగితం చేసిన మేలు అది చేయలేదు. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం బాగా పనికొచ్చింది, దానికి వేరే టైము కేటాయించక్కర్లేదు కాబట్టి.

ఎంత చేయాలో తెలుసుకోవడానికి ఫిజియోథెరపిస్ట్ చెప్పిన కొలత తేలికగా ఉంది. వ్యాయామం తర్వాత నొప్పి పుడితే పుట్టనివ్వండి, మర్నాడు పొద్దున్నకి తగ్గిపోతే అంతే మోతాదు కొనసాగించండి, తగ్గకపోతే సగానికి దించండి. వాపుకి కూడా ఇదే లెక్క వాడాను. పొద్దున బూటు వదులుగా ఉండి, సాయంత్రానికి బిగుసుకుపోయేది. ఆరు నెలలు, కొందరికి ఏడాది దాకా అలా ఉంటుందని ముందే చెప్పబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఆపరేషన్ పాడైందని టెన్షన్‌తో చచ్చేదాన్ని. బూట్లు కొనాలంటే సాయంత్రం పూట వేసి చూసుకోవడం మేలు.

కుంటడం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ఓ రోజు వీధిలో వెనక నుంచి వస్తున్న మా ఆయన "నువ్వేనా, నడక చూసి వేరే ఎవరో అనుకున్నా" అన్నారు. ఇప్పుడు వేగంగా నడుస్తాను, మెట్లు ఆలోచించకుండా దిగుతాను. ఆ కాలి ఒక్కదాని మీద మునివేళ్లపై లేవడం మాత్రం ఇంకా సగమే వచ్చింది, కీలు మునుపటంత వంగదు కూడా.

రెండో పాదానికీ చేయించుకుంటావా అని చాలామంది అడుగుతున్నారు. ఆ వేలు కూడా కొంచెం వాలింది, చూడటానికి బాగుండదు, కానీ నొప్పి లేదు. నొప్పి లేని పాదాన్ని అందం కోసం కోయనని డాక్టర్ గారే అన్నారు. నేనూ అడగలేదు.