న్యాయ వ్యాసం ప్రభావాన్ని లెక్కకట్టడం ఎలా

ఒక న్యాయశాస్త్ర వ్యాసాన్ని ఎందరు ఉదహరించారో తేల్చాలంటే రచయిత పేరుతో మొదలుపెట్టకండి. ఒకే పేరున్నవాళ్లు బోలెడుమంది తగులుతారు. సంపుటి, పత్రిక సంక్షిప్త నామం, మొదటి పేజీ - ఈ మూడే నమ్మదగిన ఆనవాళ్లు. 1890లో అమెరికా న్యాయవాదులు వారెన్, బ్రాండైస్ గోప్యతా హక్కు మీద రాసిన వ్యాసానికి ఆ ఆనవాలు '4 హార్వ్. ఎల్. రెవ్. 193', అంటే హార్వర్డ్ లా రివ్యూ 4వ సంపుటి, 193వ పేజీ. కొందరు పత్రిక పేరు పూర్తిగా రాస్తారు, కొందరు చుక్కల మధ్య ఖాళీ వదలరు. ఏ రూపాన్నీ వదలకుండా వెతికి, ఫలితాలన్నీ ఒకచోట చేర్చి, రెండోసారి వచ్చినవి తీసేయాలి.

అసలు తప్పు జరిగేది తర్వాతే. ఒకే పత్రంలో ఇరవై ఫుట్‌నోట్లలో కనిపించినా అది ఒక్క ఉదాహరింపే. పత్రాలను లెక్కపెట్టాలి, ప్రస్తావనలను కాదు. రచయిత తనను తాను ఉదహరించుకున్నవి పక్కన పెట్టండి. కోర్టు తీర్పులకు వేరే వరుస తప్పనిసరి: మెజారిటీ తీర్పులో వచ్చిందా, భిన్నాభిప్రాయంలోనా అన్నది కూడా రాసుకోవాలి. ఆ తేడా చాలా పెద్దది.

డౌన్‌లోడ్‌లది వేరే కథ. ఆన్‌లైన్ పత్రికల వాడకాన్ని లెక్కించే కౌంటర్ (COUNTER) ప్రమాణం ప్రకారం, ఒకే పాఠకుడు ఒకే వ్యాసాన్ని 30 సెకన్లలోపు మళ్లీ నొక్కితే ఒక్కటిగానే లెక్క. కానీ పరిశోధకులు ముసాయిదాలు పెట్టే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ (SSRN) సైట్‌లో ముసాయిదా, పత్రిక సైట్‌లో తుది ప్రతి ఉంటే ఒకే పాఠకుడు రెండుచోట్లా లెక్కలోకి వస్తాడు. అందుకే ఆ అంకెలను కలపకుండా పక్కపక్కన చూపించడమే నిజాయితీ. వాదన తయారుచేసుకునే వకీలు చదివి, ఎక్కడా ఉదహరించకపోవచ్చు. ఆ వాడకం జాడ దొరికేది ఈ అంకెల్లోనే.