టీబీ అన్నాక ఊపిరి పీల్చుకున్నాం

నాకు ఫిట్స్ వచ్చింది తొమ్మిదో తరగతి గదిలో, బోర్డు మీద పిల్లలకు లెక్క చేసి చూపిస్తుండగా. ముందు కుడిచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకున్నాయి, చాక్‌పీస్ జారింది. మళ్లీ తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. పిల్లలు పరుగెత్తుకొచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టారట. ఇనుముతో ఫిట్స్ ఆగవు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. సైన్సు సారు అక్కడే ఉన్నారు మరి!

ఎమ్మారైలో మెదడుకు ఎడమవైపు ఉంగరంలా మెరిసే గడ్డ, చుట్టూ వాపు. మొదట చూసిన డాక్టరు ట్యూమర్ కావచ్చు, బయాప్సీ చేయాలి, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలన్నారు. ఆ రెండు రోజులూ మా ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. హైదరాబాద్‌లో రెండో డాక్టరు, "పుర్రె తెరిచేముందు స్పెక్ట్రోస్కోపీ చేసి చూద్దామమ్మా" అన్నారు.

కొత్త మిషన్ అనుకున్నాను. అదే ఎమ్మారై సొరంగం, అదే డబడబ చప్పుడు. గడ్డ మీద చిన్న పెట్టెలా గుర్తు పెట్టి, అక్కడి రసాయనాల సంకేతాలు మాత్రమే పట్టుకుంటారట. కోత లేదు, కదలకుండా పడుకోవడమే.

గ్రాఫ్ చూపించారు. లెక్కల టీచర్ని కదా, ముందు కంటపడింది అంకెలు కుడికి పోయేకొద్దీ తగ్గడం. ఒక్కో రసాయనానికి ఒక్కో శిఖరం. బాగున్న వైపు 2.0 దగ్గర ఎన్‌ఏఏ అనే రసాయనం నిటారుగా ఉంది. అది నరకణాల ఆరోగ్యానికి గుర్తు. 3.2 దగ్గరిది కోలిన్, ట్యూమర్లలో ఎక్కువగా పైకి లేచేది. నా గడ్డలో అది పెద్దగా లేవలేదు. 1.3 దగ్గర మాత్రం లావుపాటి కొండ: కొవ్వు. టీబీ క్రిమి పైపొర నిండా కొవ్వేనట. అయితే లోపల కుళ్లిన ట్యూమర్‌లోనూ కొవ్వు కనిపించవచ్చని, ఈ గ్రాఫ్ ఒక్కటే నమ్మనని ఛాతీకి సీటీ తీయించారు. అక్కడ టీబీలో వాచినట్టే గ్రంథులు వాచి ఉన్నాయి. రాత్రి అన్నం మానేస్తే తగ్గాననుకున్న ఆరు కిలోల సంగతి అప్పుడు అర్థమైంది.

మా ఆయన బయటికొచ్చి, ఉద్యోగం వచ్చినంత సంబరంగా "టీబీయేనట!" అని ఫోన్ చేశారు. "ఎవ్వరికీ చెప్పకండి" అంది అత్తమ్మ.

నాలుగు రకాల టీబీ మందులు, స్టెరాయిడ్, ఫిట్స్ బిళ్ల. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగులో పడితే మొదటిరోజు హడలిపోయాను. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది, అర్ధరాత్రి ఆకలి. మూడో నెల స్కాన్‌లో గడ్డ కాస్త పెరిగి కనిపించింది. మందు పనిచేస్తున్నా ఒక్కోసారి అలా అవుతుందని డాక్టరు అవే కొనసాగించారు. నాకైతే ఆ నెలంతా నిద్ర లేదు. పద్దెనిమిది నెలలకు సున్నపు చుక్కంత మచ్చ మిగిలింది.

ఫిట్స్ బిళ్ల ఇంకా వేసుకుంటున్నాను. బోర్డు దగ్గర నేను చేయి విదిలిస్తే చాలు, మొదటి బెంచీ పిల్ల లేచి నిలబడుతుంది. పక్కకు ఎలా తిప్పాలో నేర్పాను. అయినా దాని సంచిలో తాళాలగుత్తి ఉంది, చూశాను.