ఆరు వందల అడుగుల లోపు అమ్మ ఇల్లు

తెలంగాణ సర్కారు సాయంతో కట్టుకునే ఇందిరమ్మ ఇల్లు మంజూరు కావడం ఒక ఎత్తు, దాని కొలతల్లో కట్టుకోవడం ఇంకో ఎత్తు. మా ఊళ్లో సొంత జాగా ఉన్నవాళ్ల జాబితాలో, అంటే ఎల్-1లో, అమ్మ పేరు వచ్చింది. ఇల్లు ఎలాగూ ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు. జాగా మాత్రం గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఉంది, తాతల నాటి పెంకుటిల్లు. దానికి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎక్కడివి? ఇంటి పన్ను రసీదులు, అభ్యంతరం లేదని చిన్నాన్న రాసిచ్చిన కాగితం పట్టుకెళ్తే పంచాయతీ సెక్రటరీ సరే అన్నాడు.

ముగ్గు పోశాక అమ్మను జాగాలో నిలబెట్టి యాప్‌లో ఫొటో తీసుకున్నారు. అసలు పేచీ అప్పుడు మొదలైంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. మేం 20 బై 28 అనుకున్నాం, 560 అవుతుంది. మేస్త్రీకి నచ్చలేదు. "ముంగట ఆరడుగుల వరండా లేకపోతే అదేం ఇల్లు బిడ్డా" అంటాడు. అది కలిపితే 680! మా వీధిలోనే ఒకాయన ఇలాగే పెంచుకుంటే బిల్లు ఆగింది. ఆయన్ని చూపించాకే మేస్త్రీ దిగొచ్చాడు, అదీ గొణుక్కుంటూనే.

నిజానికి 600 నిబంధన మీద నాకు కోపం లేదు. సర్కారు ఇచ్చే ఐదు లక్షలకు అంతకన్నా పెద్దది ఎత్తుకుంటే మిగిలేది అప్పే. నా గొడవంతా డబ్బు వచ్చే పద్ధతి మీద. మాకు చెప్పిన లెక్క ఇది: బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబు పడ్డాక లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా పూర్తయ్యాక చివరి లక్ష. ప్రతిసారీ ముందు మనం పెట్టాలి, తర్వాత ఫొటో ఎక్కాలి, ఆ తర్వాతే బిల్లు. చేతిలో లక్ష ఉంటే పేదవాడెందుకవుతాడు? అమ్మ డ్వాక్రా సంఘంలో లోన్ తీసుకుంటేనే మా బేస్‌మెంట్ లేచింది. సంఘంలో లేనివాళ్లు వడ్డీకి తెచ్చుకున్నారు.

మొదటి లక్ష పడిందన్నారు కానీ అమ్మ పాస్‌బుక్‌లో కనబడలేదు. ఒకటే టెన్షన్. తీరా చూస్తే, ఆధార్‌కు లింకయి ఉన్నది ఆమె ఎప్పుడో తెరిచి మరిచిపోయిన వేరే బ్యాంకు ఖాతా. డబ్బు అందులో భద్రంగా ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇల్లు వస్తే ముగ్గు పోయకముందే ఇది చూసుకోండి.

పట్నంలో ఉండే మా పిన్నిది ఇంకో దారి. ప్రభుత్వ సాయం ఏమీ లేదు, సొంత డబ్బే. 2020లో వచ్చిన బీపాస్ చట్టం, అంటే పట్టణాల్లో ఇళ్ల అనుమతుల చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో కింద ఇల్లు, పైన ఒక అంతస్తు వరకు వేసుకోవడానికి అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఆమె వరండాను అడ్డుకున్నవాళ్లు లేరు. మా మేస్త్రీ ఇప్పటికీ ఆ సంగతే ఎత్తుతుంటాడు.